ఏ చేతి కొలతకు చేశారు?

వీడియో గేమ్ ఆడే ఇళ్ళలో ఎప్పుడూ నడిచే వాదమే ఇది. కన్సోల్‌తో పాటు వచ్చిన కంట్రోలరే మేలా, వేరే కంపెనీ చేసిన థర్డ్ పార్టీ కంట్రోలర్ కూడా చేతికి అంత సుఖంగా ఉంటుందా? ఇక్కడ మాట్లాడుతున్న వాళ్ళిద్దరూ ఆటగాళ్ళే. వదిన విజయవాడలో ఫిజియోథెరపిస్టు, రోజంతా మణికట్లు, వేళ్ళ నొప్పులు చూసే మనిషి. మరిది హైదరాబాదులో గేములు విడుదల కాకముందే ఆడి లోపాలు పట్టే ఉద్యోగి.

మరిది: వదినా, మీరెంత చెప్పినా నా మాట ఒక్కటే. ప్లేస్టేషన్‌కు సోనీ కంట్రోలర్, ఎక్స్‌బాక్స్‌కు మైక్రోసాఫ్ట్ కంట్రోలర్. కన్సోల్ చేసినవాడికి తెలిసినంతగా ఇంకెవరికి తెలుస్తుంది? వాళ్ళు నమూనా మీద నమూనా చేసి, బాగుందనుకున్నాకే బజారుకు పంపుతారు. బయటి కంపెనీ దాన్ని చూసి అచ్చు పోస్తుంది, అంతే.

వదిన: వాళ్ళకు కన్సోల్ సంగతి తెలుసు, ఒప్పుకుంటాను. నా చేతి సంగతి ఎలా తెలుస్తుంది? మైక్రోసాఫ్ట్‌నే చూడు. 2001లో మొదటి ఎక్స్‌బాక్స్‌తో ఇచ్చిన కంట్రోలర్ మరీ పెద్దది, దానికి ‘డ్యూక్’ అన్న పేరు స్థిరపడింది. జపాన్ ఆటగాళ్ళ కోసం 2002లో చిన్నది చేయాల్సి వచ్చింది. అదే సంవత్సరం అమెరికాలోనూ డ్యూక్‌ను పక్కన పెట్టి ఆ చిన్నదాన్నే కన్సోల్‌తో ఇవ్వడం మొదలుపెట్టారు. కన్సోల్ చేసినవాళ్ళే చేతి కొలత అంత తప్పారు కదా.

మరిది: తప్పారు, వెంటనే దిద్దుకున్నారు. పెద్ద కంపెనీ బలం అదే. అయినా డ్యూక్ అందరికీ చెడ్డదేం కాదు. పెద్ద చేతుల వాళ్ళు దాన్ని ఇప్పటికీ తలుచుకుంటారు.

వదిన: నా వాదానికి నువ్వే బలం ఇచ్చావు. ఆ పెద్ద చేతుల వాళ్ళ కోసం డ్యూక్‌ను 2018లో మళ్ళీ తయారు చేసింది ఎవరు? హైపర్‌కిన్. మైక్రోసాఫ్ట్ అనుమతి తీసుకున్న బయటి కంపెనీ. అసలు కంపెనీ ఎక్కువ మందికి సరిపోయే ఒక కొలత ఎంచుకుంటుంది, దాని వ్యాపారానికి అది తప్పదు. ఆ కొలతకు ఇటూ అటూ మిగిలిపోయిన చేతులు ఎక్కడికి పోవాలి? నింటెండో స్విచ్‌తో వచ్చే జాయ్-కాన్ కంట్రోలర్లు పట్టుకున్నావు కదా. పలచగా, బల్లపరుపుగా ఉంటాయి. పిల్లలకు బాగానే ఉంటాయి. పెద్దవాళ్ళు గంటసేపు ఆడితే చిటికెన వేలికి ఆనుకునే చోటే దొరకదు. 2019లో హోరి అనే బయటి కంపెనీ స్ప్లిట్ ప్యాడ్ ప్రో తెచ్చాక స్విచ్‌ను చేతిలో పట్టుకునే నిండుగా ఆడగలిగాను.

మరిది: అందులో వైబ్రేషన్ లేదు, చేయి వంచితే గురి కదిలే జైరో లేదు, స్విచ్ నుంచి తీస్తే పనే చేయదు. అన్నీ వదిలేసుకుని పిడి ఒక్కటే తెచ్చుకున్నారు.

వదిన: పిడి ఒక్కటే అని తేలిగ్గా తీసేయకు. సుఖం అంటే ఏమిటో ముందు తేల్చుకుందాం. దుకాణంలో పట్టుకోగానే బాగుందనిపించడం వేరు, మూడో గంటకు కూడా చేతి ఊసే గుర్తు రాకపోవడం వేరు. కంట్రోలర్ బరువు మోసేది అరచేయి, ఉంగరం వేలు, చిటికెన వేలు. ఆ రెండు వేళ్ళకు పట్టు కుదరకపోతే, జారిపోతుందేమోనని చేయి తనంతట తానే బిగుస్తుంది. బిగిసిన చేతిలో బొటనవేలు తేలిగ్గా తిరగదు. అప్పుడు నొప్పి బొటనవేలి చివర రాదు, దాని మొదట్లో, మణికట్టు దగ్గరి కీలులో వస్తుంది. పిడి మరీ సన్నగా ఉన్నా బిగింపే, మరీ లావుగా ఉన్నా బిగింపే. నా వేళ్ళు పొట్టి. ట్రిగ్గర్ అందుకోవడానికి చూపుడు వేలు పూర్తిగా చాపాల్సి వస్తే, మిగతా వేళ్ళ పట్టు వదులవుతుంది. అప్పుడు మళ్ళీ బిగించాలి.

మరిది: మరి ప్లేస్టేషన్‌లో రెండు స్టిక్‌లూ కిందే ఉంటాయి. 1997 నుంచీ అదే అమరిక. మీ లెక్కన ఎడమ బొటనవేలు లోపలికి వంగాల్సిందే. అయినా కోట్ల మంది హాయిగా ఆడుతున్నారు.

వదిన: ఆడుతున్నారు, కాదనను. చేయి దేనికైనా అలవాటు పడుతుంది. అలవాటు పడినంత మాత్రాన సుఖంగా ఉన్నట్టు కాదు, దెబ్బ తగిలేదాకా చాలామందికి తేడా తెలియదు. నింటెండో 64 రోజుల్లో మారియో పార్టీలో కొన్ని ఆటలకు స్టిక్‌ను గిరగిరా తిప్పాలి. పిల్లలు అరచేత్తో రుద్ది తిప్పారు, చేతులు బొబ్బలెక్కాయి, చర్మం చీరుకుంది. న్యూయార్క్ అటార్నీ జనరల్ జోక్యం చేసుకున్నాక, 2000లో నింటెండో పిల్లలకు చేతి తొడుగులు ఇవ్వడానికి ఒప్పుకుంది. అది కన్సోల్‌తో వచ్చిన సొంత కంట్రోలరే.

మరిది: అది ఆట చేసిన తప్పు, కంట్రోలర్‌ది కాదు. అరచేత్తో రుద్దితే ఏ స్టిక్ అయినా కోస్తుంది. పైగా ఆ ఉదాహరణ నాకే పనికొస్తుంది. ఆటనూ కంట్రోలర్‌నూ విడదీసి చూడకూడదు. నా ఉద్యోగంలో రోజూ చూసేది అదే. స్టిక్ ఎంత నెడితే మనిషి నడవాలి, ఎంత నెడితే పరుగెత్తాలి, ట్రిగ్గర్ ఎంత లోతుకు వెళ్తే బ్రేకు పట్టాలి, ఇవన్నీ కంపెనీ కంట్రోలర్ చేతిలో పెట్టుకుని సరిచేస్తారు. దానితో ఆడితేనే చేసినవాళ్ళు అనుకున్న ఆట మీకు అందుతుంది. 2020లో వచ్చిన ప్లేస్టేషన్ 5 కంట్రోలర్ డ్యూయల్‌సెన్స్‌ను చూడండి. ప్లేస్టేషన్ 5తో ఉచితంగా వచ్చే ఆస్ట్రోస్ ప్లేరూమ్‌లో చిన్న రోబో ఇసుక మీద నడిస్తే ఒకలా, మంచు మీద జారితే ఒకలా అరచేతికి తెలుస్తుంది. ట్రిగ్గర్ వెనక గేర్లతో చిన్న మోటారు ఉంటుంది. ఆటలో స్ప్రింగును నొక్కే చోట సగంలో ట్రిగ్గర్ బిగుసుకుంటుంది, ఇంకాస్త బలం పెడితే దిగుతుంది. ఇది కూడా చేతికి కలిగే సుఖమే కదా, వదినా?

వదిన: సుఖమే. అది గొప్ప పని అని మనస్ఫూర్తిగా ఒప్పుకుంటాను. నేను మొదటిసారి ఆ ఆట ఆడినప్పుడు ఆపబుద్ధి కాలేదు.

మరిది: మరి బయటి కంపెనీలు ఏమిచ్చాయి? రేజర్ వుల్వరిన్ వి2 ప్రో, నేకాన్ రెవల్యూషన్ 5 ప్రో, రెండూ సోనీ లైసెన్సుతో ప్లేస్టేషన్ 5 కోసం చేసినవే. డ్యూయల్‌సెన్స్ కన్నా చాలా ఖరీదు. అయినా ప్లేస్టేషన్ 5 ఆటల్లో వాటికి మామూలు వైబ్రేషన్ కూడా లేదు. అంత డబ్బు పోసి మూగ వస్తువును ఎందుకు కొనాలి?

వదిన: ఎవరు కొంటున్నారో చూడు. పోటీల్లో తుపాకీ ఆటలు ఆడేవాళ్ళు. వాళ్ళలో చాలామంది డ్యూయల్‌సెన్స్ చేతిలో ఉన్నా ట్రిగ్గర్ బిగింపును, వైబ్రేషన్‌ను సెట్టింగుల్లో ఆపేస్తారు. గురి చూసే సమయంలో చేయి అదరకూడదని. నీకు ఆనందం ఇచ్చేది వాళ్ళకు అడ్డు. ఇంకోటి, ఆ మోటార్లూ పెద్ద బ్యాటరీ ఊరికే రావు. ప్లేస్టేషన్ 4 కంట్రోలర్ డ్యూయల్‌షాక్ 4 బరువు సుమారు 210 గ్రాములు, డ్యూయల్‌సెన్స్ సుమారు 280. నీ మణికట్టుకు ఆ డెబ్బై గ్రాములు లెక్కలోకి రావు. మణికట్టు నొప్పితో నా దగ్గరికి వచ్చే మనిషికి వస్తాయి.

మరిది: తేలిగ్గా ఉంటే బోలుగా అనిపిస్తుంది. చవక కంట్రోలర్ చేతిలోకి తీసుకోగానే తెలిసిపోతుంది. మీరు ఒకసారి కళ్ళు మూసుకుని వేళ్ళతో తడిమి చూడండి. పై డొప్ప, కింది డొప్ప కలిసే చోట గీత ఉంటుంది. కంపెనీ కంట్రోలర్‌లో గోరు పెట్టి లాగినా ఆ గీత దగ్గర గోరు ఆగదు. చవక దానిలో ఒక డొప్ప అంచు వెంట్రుకవాసి పైకి ఉంటుంది. సరిగ్గా ఉంగరం వేలి మొదట్లో తగులుతుంది. మొదటి అరగంటలో ఏమీ అనిపించదు. ఆ తర్వాత అక్కడ ఎర్రటి చార పడుతుంది. డ్యూయల్‌సెన్స్ వెనకవైపు గరుకుదనాన్ని భూతద్దంతో చూశారా? చుక్కలు కావు అవి. ప్లేస్టేషన్ బటన్ల మీది త్రిభుజం, వృత్తం, గుణకారం గుర్తు, చదరం, ఆ నాలుగు ఆకారాలే ఆవగింజ కన్నా చిన్నగా వేల కొద్దీ పోత పోశారు. చెమట పట్టినా జారదు. బయటి కంపెనీలు ఆ పని చేతకాక పైన రబ్బరు పూత పూస్తాయి. కొత్తలో మెత్తగా, పట్టుగా ఉంటుంది. రెండేళ్ళు పోనివ్వండి. మన కోస్తా ఉక్కపోతకు, చేతి చెమటకు ఆ పూత కరిగినట్టై బంక బంకగా అంటుకుంటుంది. తుడిస్తే నల్లగా గుడ్డకు వస్తుంది.

వదిన: ఆ పూత విషయంలో నాకు వాదం లేదు. తేమకు ఆ పదార్థం విడిపోవడం నిజమే, విశాఖలోనూ విజయవాడలోనూ ఇంకా త్వరగా విడిపోతుంది. రబ్బరు పూత ఉన్నది కొనవద్దనే నేనూ చెబుతాను. కానీ అది చవక సరుకు లక్షణం. బయటి కంపెనీ అయితే అలాగే ఉండాలని రాసిపెట్టి లేదు. ఇక స్టిక్‌ల సంగతి నువ్వే చెప్పు. లోపాలు పట్టేవాడివి కదా, డ్రిఫ్ట్ ఎందుకొస్తుంది?

మరిది: స్టిక్ కింద రెండు పొటెన్షియోమీటర్లు ఉంటాయి. కార్బన్ పూసిన పట్టీ మీద చిన్న లోహపు రేకు రాసుకుంటూ తిరుగుతుంది. అది ఎక్కడుందో దాన్ని బట్టి స్టిక్ ఎటు వంగిందో కన్సోల్‌కు తెలుస్తుంది. రాసుకునేది ఏదైనా అరుగుతుంది. పట్టీ అరిగాక, బొటనవేలు తీసేసినా స్టిక్ ఇంకా కొంచెం పక్కకు ఉన్నట్టే లెక్క వస్తుంది. తెర మీద మనిషి తనంతట తానే నడిచిపోతాడు.

వదిన: జాయ్-కాన్‌ల డ్రిఫ్ట్ మీద ఎంత గొడవ జరిగిందంటే, 2020లో నింటెండో అధ్యక్షుడు షుంతారో ఫురుకావా క్షమాపణ చెప్పుకోవాల్సి వచ్చింది. దానికి మందు ఎప్పటి నుంచో ఉంది. ఎడ్విన్ హాల్ 1879లో కనిపెట్టిన హాల్ ఎఫెక్ట్. స్టిక్ మొదట్లో అయస్కాంతం, దాని పక్కన తాకకుండా సెన్సర్. ఏదీ దేనితోనూ రాసుకోదు కాబట్టి అరిగే పట్టీయే లేదు. 1998లో సెగా డ్రీమ్‌కాస్ట్ కంట్రోలర్‌లోనే ఇది ఉంది. తర్వాత పెద్ద కంపెనీలు పొటెన్షియోమీటర్ల దారినే పోయాయి. హాల్ స్టిక్‌ను మామూలు ఆటగాడి చేతికి మళ్ళీ తెచ్చింది గులీకిట్, 8బిట్‌డో లాంటి బయటి కంపెనీలు. 2022లో గులీకిట్ కింగ్‌కాంగ్ 2 ప్రో వచ్చింది, అదే ఏడాది 8బిట్‌డో అల్టిమేట్ వచ్చింది. ఆ తర్వాత, 2023లో సోనీ 200 డాలర్లకు అమ్మిన డ్యూయల్‌సెన్స్ ఎడ్జ్‌లో ఉన్నవి మళ్ళీ పొటెన్షియోమీటర్లే. పాడైతే 20 డాలర్లు పెట్టి కొత్త స్టిక్ కొని మార్చుకోమన్నారు.

మరిది: హాల్ సెన్సర్ మన్నికకు మంచిది, ఒప్పుకుంటాను. మన్నిక వేరు, స్పర్శ వేరు. స్టిక్ చేతికి ఎలా ఉంటుందో నిర్ణయించేది సెన్సర్ కాదు, దాని చుట్టూ ఉన్న స్ప్రింగు. దూరంగా ఉన్న లక్ష్యం మీద గురి పెట్టారనుకోండి. స్టిక్‌ను వెంట్రుకవాసి కదపాలి. మంచి స్టిక్‌లో ఆ మొదటి కదలికకు కొద్దిగా ఎదురు నెట్టు ఉంటుంది, వేలికి హద్దు తెలుస్తుంది. చవక హాల్ స్టిక్‌లో నడిమధ్య కొంత వదులుంటుంది, ఏమీ కదలదు, ఆ తర్వాత ఒక్కసారిగా గురి దూకుతుంది. ఆ దూకుడును సరిదిద్దడానికి బొటనవేలు మళ్ళీ వెనక్కి లాగాలి. రాత్రంతా ఇలా సరిదిద్దుకుంటూ ఆడితే అలసిపోయేది మీరు చెప్పిన ఆ కీలే. పెట్టె మీద ‘హాల్ ఎఫెక్ట్’ అని పెద్ద అక్షరాలు చూసి కొనేసినవాళ్ళకు ఈ సంగతి ఎవరూ చెప్పరు.

వదిన: బాగా చెప్పావు. నాకు తెలిసిన సుఖానికి నువ్వు ఇంకో మెట్టు చేర్చావు. కొలత కుదిరితే చాలదు, వేలు అడిగినంతే స్టిక్ కదలాలి. అయితే ఇది కూడా ఒక్కో వేలికి ఒక్కోలా ఉంటుంది. నీకు గట్టి స్ప్రింగు ఇష్టం. నా దగ్గరికి వచ్చే కీళ్ళవాతం ఉన్నవాళ్ళకు మెత్తటి స్ప్రింగు కావాలి. ఒకే స్ప్రింగు పెట్టి అందరికీ ఇదే అంటే ఎలా?

మరిది: అందరికీ తలో స్ప్రింగు చేయడం ఏ కంపెనీకీ కుదరదు.

వదిన: ఒక్క కంపెనీకి కుదరదు. పది కంపెనీలుంటే కుదురుతుంది. వెనక ప్యాడిల్స్ ఎలా వచ్చాయో గుర్తుందా? బొటనవేలిని స్టిక్ మీంచి తీయకుండానే ఎగరడానికి, కూర్చోవడానికి, కంట్రోలర్ అడుగున మధ్యవేలికి అందేలా బటన్లు. కన్సోల్ కంట్రోలర్లకు వాటిని తగిలించి అమ్మి పేరు తెచ్చుకుంది స్కఫ్ అనే చిన్న కంపెనీ. మైక్రోసాఫ్ట్ 2015లో ఎలైట్ కంట్రోలర్ తెచ్చినప్పుడు స్కఫ్ పేటెంట్లకు లైసెన్సు తీసుకుంది. స్టీమ్ కంట్రోలర్ చేసిన వాల్వ్ కంపెనీ మీద దాని వెనక బటన్ల విషయంలో అదే పేటెంట్ల కేసు పడింది, 2021లో వాల్వ్ ఓడిపోయింది. జ్యూరీ 40 లక్షల డాలర్లు కట్టమంది. చేతికి సుఖమైన కొత్త ఆలోచన ముందు బయటివాళ్ళకు వచ్చింది, తర్వాతే కన్సోల్ కంపెనీలకు చేరింది.

మరిది: ఆ మాట కాదనలేను. నేను ఇంట్లో ఆడేది కూడా వెనక ప్యాడిల్స్ ఉన్న దానితోనే. కానీ వదినా, మన ఇళ్ళలో జరిగేది వేరు. కంపెనీ కంట్రోలర్ ఆరు వేలకు అటూ ఇటూ ఉంటుంది. రెండోది కావాలంటే రెండు వేల లోపు ఏదో ఒకటి తెస్తాం. అది తమ్ముడి చేతికో, ఇంటికొచ్చిన చుట్టాల పిల్లాడి చేతికో పోతుంది. వాడు ఓడిపోతాడు. ఆట రాదనుకుంటాం. నిజానికి వాడి బటన్ ఆలస్యంగా పలికింది.

వదిన: ఇది మనసుకు తగిలే మాట. తొంభైలలో మన ఊళ్ళలో టీవీకి పెట్టుకుని ఆడిన గేము డబ్బాల్లో ఎక్కువ భాగం నింటెండో ఫామికామ్‌కు నకళ్ళే. వాటి కంట్రోలర్లు ఎవరు చేశారో కూడా పెట్టె మీద ఉండేది కాదు. కాంట్రా, మారియో అన్నీ వాటి మీదే ఆడాం. అందులోనూ రెండో కంట్రోలరే ముందు పాడయ్యేది, చిన్నవాళ్ళకు అదే దక్కేది. ఇప్పుడు అలా ఉండక్కర్లేదు. అదే డబ్బుకు డాంగిల్‌తో పనిచేసే మంచి కంట్రోలర్లు దొరుకుతున్నాయి. పిల్లాడి చేయి చిన్నది కాబట్టి వాడికి చిన్న కంట్రోలర్ కొనాలి, మిగిలిపోయినది ఇవ్వకూడదు. రెండో కంట్రోలర్‌ను కూడా ఆడే చేతిని చూసే ఎంచాలి.

మరిది: అంత ఓపికగా ఎంచుకునే వీలు ఎక్కడుంది? దుకాణంలో అన్నీ సీలు వేసిన పెట్టెలు. చెప్పులు కొనేటప్పుడు రెండు అడుగులు నడిచి చూడనిస్తారు. ఏళ్ళ తరబడి పట్టుకోవాల్సిన కంట్రోలర్‌ను మాత్రం బొమ్మ చూసి కొనాలి. అలాంటప్పుడు నమ్మకమైన ఒక పేరు ఉండటం కూడా సుఖమే. ప్రమాణం అంటూ ఒకటి ఉండాలి. ఎక్స్‌బాక్స్‌లో 2023 నవంబరు నుంచి అనుమతి లేని కంట్రోలర్లను ఆపేయడం మొదలుపెట్టారు. దానికి నేను ఒకందుకు సంతోషించాను. ఆన్‌లైన్ ఆటలో గురిని దానంతట అదే సరిచేసే మోసపు పరికరాలు ఆ దారినే వచ్చేవి.

వదిన: మోసగాళ్ళను ఆపాలి, అందులో రెండో మాట లేదు. కానీ ఆ తలుపు మూసినప్పుడు ఎవరెవరు బయట ఉండిపోయారో చూడు. ఒక చేయి పనిచేయనివాళ్ళు, పక్షవాతం వచ్చినవాళ్ళు, వేళ్ళు వంగనివాళ్ళు, ఏదో ఒక అడాప్టర్‌తో తమకు వీలైన వస్తువును కన్సోల్‌కు కలుపుకుని ఆడేవాళ్ళు. మైక్రోసాఫ్ట్ మనసు లేని సంస్థ కాదు. 2018లో తెచ్చిన అడాప్టివ్ కంట్రోలర్‌లో రెండు పెద్ద బటన్లు, వెనక వరసగా బయటి స్విచ్‌లు తగిలించే జాకులు పెట్టింది. వాటిలో తగిలించే బటన్ల కిట్టును 2019లో లాజిటెక్ చేసింది. స్విచ్ కోసం అలాంటి అడాప్టివ్ కంట్రోలర్‌నే హోరి చేసింది. ఒక మనిషి తల పక్కన బటన్ పెట్టుకుని, ఇంకొకరు మోకాలితో నొక్కుతూ ఆడతారు. అన్ని శరీరాల అవసరాలు ఊహించడం ఒక్క సంస్థ వల్ల కాదని అసలు కంపెనీయే ఒప్పుకుని, జాకులు బయటివాళ్ళకు తెరిచింది. మామూలు కంట్రోలర్‌కు కూడా ఆ దారే ఎందుకు వద్దు?

మరిది: దారి తెరిచి ఉండాలి, అందుకు సరే. అయితే ఆ దారిలో వచ్చే ప్రతి వస్తువూ తనలో ఏముందో, ఏం లేదో ముందే చెప్పాలి. వైబ్రేషన్ పనిచేయదంటే పెట్టె మీద ముందువైపే రాయాలి. వెనక సన్నని అక్షరాల్లో దాచకూడదు. స్టిక్‌లో పొటెన్షియోమీటరా, హాలా రాయాలి. బ్లూటూత్ మీద ఎంత ఆలస్యం, డాంగిల్ మీద ఎంత ఆలస్యం రాయాలి. తెర సెకనుకు 60 సార్లు మారే ఆటలో ఒక్కో బొమ్మకు పట్టేది సుమారు 17 మిల్లీసెకన్లు. కంట్రోలర్ రెండు బొమ్మలంత ఆలస్యం చేస్తే ఎంత మెత్తటి పిడి ఉన్నా ఆట చేతికి అందదు.

వదిన: రాయాలి. దానికి తోడు నా పట్టీ కూడా చేర్చు. బరువెంత, పిడి చుట్టుకొలత ఎంత, పిడి నుంచి ట్రిగ్గర్ దాకా దూరం ఎంత. చొక్కా మీద సైజు రాసినట్టే రాయమని అడగడంలో తప్పేముంది? ఇది బయటి కంపెనీలకే కాదు, సోనీకీ మైక్రోసాఫ్ట్‌కూ నింటెండోకూ కూడా వర్తించాలి. వాళ్ళు కూడా తమది ఏ చేతి కొలతకు చేశారో చెప్పాలి.

మరిది: అది అడగాల్సిన మాటే. నా అభిప్రాయం పూర్తిగా మారలేదు, వదినా. ఒక ఆటను చేసినవాళ్ళు అనుకున్నట్టు అనుభవించాలంటే మొదటిసారి కంపెనీ కంట్రోలర్‌తోనే ఆడమని ఇప్పటికీ చెబుతాను. కానీ చేయి నొప్పి పుట్టినా పేరు మీద మోజుతో దాన్నే పట్టుకుని కూర్చోమని ఇకముందు ఎవరికీ చెప్పను.

వదిన: నేనూ ఒక మాట ఇస్తాను. బయటి కంట్రోలర్ ఏదైనా బాగుందని ఎవరికైనా చెప్పే ముందు, నువ్వన్న ఆ వెంట్రుకవాసి కదలికను పరీక్షించి చూస్తాను, డొప్పల గీత మీద గోరు పెట్టి చూస్తాను, రెండు గంటలు ఆడి చూస్తాను. తిరిగి ఇచ్చే గడువు ఉన్న చోటే కొనమని చెబుతాను. ఆ గడువులోపే ఇంట్లో ఆడే ప్రతి ఒక్కరూ, చిన్నవాళ్ళతో సహా, దాన్ని పట్టుకుని ఆడి చూడాలి. ఒక్కరి చేతికి కుదరకపోయినా వెనక్కి పంపి ఇంకోటి తెప్పించుకోవాలి.